అన్‌సీజన్‌లో పాడ్‌కాస్ట్ ఆపాలా, నడపాలా? నెల్లూరు, ప్రకాశం వ్యాపారులకు దశలవారీగా

బేరాలు పల్చబడగానే ముందుగా కత్తెర పడేది పాడ్‌కాస్ట్ మీదే. అద్దె ఆపలేరు, జీతాలు ఆపలేరు, కరెంటు బిల్లు ఆపలేరు. వారానికి ఒక రోజు తినేసే రికార్డింగు మాత్రం ఆపినా అడిగేవాళ్లు ఉండరనిపిస్తుంది. ఆపడం తప్పేమీ కాదు. కాకపోతే దుకాణానికి అన్‌సీజన్ వచ్చిందంటే వినేవాళ్లకూ వచ్చిందని అర్థం కాదు. చాలాచోట్ల గల్లాపెట్టె ఖాళీగా ఉన్న నెలల్లోనే రైతుకూ కొనేవాళ్లకూ వినడానికి తీరిక దొరుకుతుంది. అందుకే నిర్ణయం తీసుకునే ముందు కింది పనులు ఇదే వరసలో చేయండి. అన్నీ కలిపి ఒక పూట పని.

మొదట, డల్లుగా ఉన్నది ఏదో తేల్చుకోండి

ఒక కాగితం మీద పన్నెండు నెలలకు పన్నెండు అడ్డవరసలు, మూడు నిలువు వరసలు గీయండి. మొదటి దాంట్లో ఆ నెల బిల్లుల సంఖ్య రాయండి. రూపాయలు వద్దు, ఎందుకంటే ఒక్క పెద్ద ఆర్డరు పడితే డల్లు నెల కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. రెండో దాంట్లో కొత్తవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఫోన్లు, వాట్సాప్ విచారణలు రాయండి. మూడో దాంట్లో పాడ్‌కాస్ట్ వినడాల లెక్క రాయండి.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

ఒకటి, ఇంగ్లీషు నెలను ఇంగ్లీషు నెలతో పోల్చడం. పెళ్లి బట్టలు, బంగారం, ఫోటో స్టూడియో, క్యాటరింగ్, షామియానా వ్యాపారాలు నడిచేది పంచాంగం మీద. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలై జూలై 24తో ముగిసింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల ఆషాఢం జూలై 15 నుంచి ఆగస్టు 12 దాకా జరిగింది. ఒక ఏడాది జూలైని ఇంకో ఏడాది జూలైతో పోలిస్తే ‘పడిపోయింది’ అనో ‘లేచింది’ అనో తప్పుడు లెక్క తేలుతుంది. ఇలాంటి వ్యాపారమైతే కాగితం మీద తెలుగు మాసాలే రాయండి. మూఢం రోజులను పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

రెండోది, నెల మొత్తం డౌన్‌లోడ్లను చూసి మురిసిపోవడం, లేదా బెంగపడడం. ఆ మొత్తంలో పాత ఎపిసోడ్‌లన్నీ కలిసి ఉంటాయి. చూడాల్సింది ఒక్కో ఎపిసోడ్ విడుదలైన మొదటి 7 రోజుల్లో ఎంతమంది విన్నారన్నది. చివరి 8 ఎపిసోడ్‌ల మొదటివారం లెక్కలు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసి, నడిమి రెండింటి సగటు తీయండి. అదే మీ నడిమి సంఖ్య. సగటు ఒక్కటే తీస్తే, ఎవరో పెద్దమనిషి షేర్ చేసిన ఒక్క ఎపిసోడ్ లెక్కను పాడుచేస్తుంది. యూట్యూబ్ స్టూడియో, స్పాటిఫై ఫర్ క్రియేటర్స్, యాపిల్ పాడ్‌కాస్ట్స్ కనెక్ట్ దేని లెక్క దానిది. వాటిని కలపకండి, మీ శ్రోతలు ఎక్కువమంది ఉన్న చోట ఒక్కటే పట్టుకోండి. ఎంతసేపు విన్నారన్న లెక్క కూడా అక్కడే ఉంటుంది, దాన్నీ రాసుకోండి.

ఇప్పుడు మూడు వరసలూ పక్కపక్కన పెట్టి చదవండి.

బిల్లులు పడ్డాయి, విచారణలూ వినడాలూ నిలబడ్డాయంటే ఆపకండి. కొనేవాళ్లు ఎక్కడికీ పోలేదు, ఆలోచిస్తున్నారు. బిల్లులు పెరిగి వినడాలు పడ్డాయంటే అది మీ శ్రోతకు చేతినిండా పని ఉన్న కాలం. నిజంగా తగ్గించాల్సింది అప్పుడే, అయినా ఆ ఉత్సాహంలో ఎవరూ తగ్గించరు. బిల్లులు మామూలుగా ఉండి వినడాలు మాత్రమే జారుతున్నాయంటే అది సీజన్ సమస్య కాదు. విషయాల ఎంపికో, నిడివో, ధ్వనో బాగాలేదు. విరామం ఇచ్చి తిరిగొచ్చినా ఆ జబ్బు అలాగే ఉంటుంది. మూడూ కలిసి పడితేనే ‘ఆపాలా’ అన్న ప్రశ్న వేసుకోవాలి.

రెండో పని, ఆ నెలల్లో శ్రోత ఏం చేస్తున్నారో రాయండి

ఆక్వా వ్యాపారాన్నే తీసుకోండి. మేత, మందులు, ప్రోబయోటిక్స్, ఏరేటర్లు అమ్మేవాళ్లకు గిరాకీ చెరువులో రొయ్య ఉన్నప్పుడు. చలికాలంలో రొయ్యకు వచ్చే తెల్లమచ్చ (వైట్ స్పాట్) జబ్బు భయానికి ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపూ, ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపూ చాలామంది చెరువులు ఖాళీ పెడతారు. కౌంటర్ దగ్గర ఈగలు తోలుకునే రోజులవి. రైతుకు మాత్రం అసలు నిర్ణయాలన్నీ అప్పుడే: చెరువు ఎన్నాళ్లు ఎండగట్టాలి, ఎంత సున్నం చల్లాలి, పిల్ల ఏ హేచరీలో తీసుకోవాలి, పీసీఆర్ పరీక్షలో రొయ్యను ఎదగనివ్వని ఈహెచ్‌పీ, వైట్ స్పాట్ రెండూ చూపించాలా, పాత ఏరేటర్ బాగు చేయించాలా, కొత్తది కొనాలా. పిల్ల వదిలాక ఈ మాటలు చెప్పి ప్రయోజనం లేదు. ఆక్వా పాడ్‌కాస్ట్‌ను చెరువులు ఎండిన నెలల్లో ఆపడం, మా ఉద్దేశంలో, ఏడాది మొత్తంలో చేయగల అతి ఖరీదైన పొదుపు. ఆపాలనే ఉంటే పట్టుబడుల రద్దీలో రెండు వారాలు ఆపండి. అప్పుడు రైతు వినేది కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క మీద పలికే ధర) ఒక్కటే, అది వాట్సాప్ గ్రూపులో ఎలాగూ వస్తుంది.

సముద్రం వేట మీద ఆధారపడ్డవాళ్లదీ ఇదే తీరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఐసు, డీజిలు అమ్మేవాళ్లకు అది నిజమైన అన్‌సీజన్. ఇంజిన్ విడిభాగాలు, వలలు అమ్మేవాళ్లకు మాత్రం అప్పుడే పని, ఎందుకంటే బోటు ఒడ్డుకెక్కేది ఆ రెండు నెలల్లోనే. జువ్వలదిన్నె వైపు ఒకే వీధిలో ఉన్న రెండు దుకాణాలకు ఆపాల్సిన నెల ఒకటి కాకపోవచ్చు. పొరుగువారిని చూసి ఆపకండి.

పొగాకు ప్రాంతంలో ఇంకో తమాషా ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు కాల్చే బ్యారన్లు మండే రోజుల్లో రైతుకు క్షణం తీరదని పాడ్‌కాస్ట్ ఆపేస్తారు. ఆకు కాల్చేటప్పుడు వేడి చూసుకుంటూ రాత్రుళ్లు బ్యారన్ దగ్గర మేలుకుని ఉండాలి. చేతులకు పని, చెవులకు తీరిక. అలాంటప్పుడు వీడియో వద్దు, ఆడియో కావాలి. పావుగంట కాదు, ముప్పావు గంట ఉన్నా వింటారు. అదే రైతు వేలం కేంద్రంలో బేళ్లు పెట్టి నిలబడ్డ రోజున మూడు నిమిషాలు కూడా వినలేరు.

వెంకటగిరి చీరల వ్యాపారానికి ఆషాఢం ఒక దెబ్బ, వానాకాలం ఇంకో దెబ్బ. గుంట మగ్గంలో నీరూ చెమ్మా చేరి నేత ఆగుతుంది. అప్పుడు సరుకూ ఉండదు, చెప్పడానికి కొత్త డిజైనూ ఉండదు. ఇలాంటి చోట విరామం సబబే. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకైతే శ్రోత ఊళ్లోనే లేడు. చైనా కొనుగోలుదారులు మీ శ్రోతలైతే వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు చూసుకుని ఆపాలి, మన సంక్రాంతి చూసుకుని కాదు.

మూడో పని, నాలుగు ప్రశ్నల పరీక్ష

గత 30 రోజుల వాట్సాప్ చాట్‌లు తిరగేయండి. కౌంటర్ దగ్గర ఉండే కుర్రాడినీ, ఫోన్లు ఎత్తే అమ్మాయినీ కూర్చోబెట్టి అడగండి: “ఈమధ్య జనం ఏం అడుగుతున్నారు?” రాబోయే రెండు నెలల్లో శ్రోతకు పనికొచ్చే ప్రశ్నలు, వాళ్లు అడిగిన మాటల్లోనే, నాలుగు దొరికితే నడపండి. రెండే దొరికితే నెలకు రెండు చేయండి. ఒక్కటీ దొరకకపోతే ఆపండి. మీ బుర్రలో పుట్టిన ప్రశ్నలు లెక్కలోకి రావు. ఈ పరీక్ష అంకెల కన్నా నికరమైనది. ఎందుకంటే అంకెలు గడిచిన ఎపిసోడ్‌ల గురించి చెబుతాయి, ప్రశ్నలు రాబోయే ఎపిసోడ్ గురించి చెబుతాయి.

ఆపితే మిగిలేది ఎంత?

గంటల్లో లెక్కేయండి. ఉదాహరణకు వారానికొక 20 నిమిషాల ఎపిసోడ్: ప్రశ్నల తయారీ 2 గంటలు, రికార్డింగ్ గంటన్నర, ఎడిటింగ్ 3 గంటలు, పేరు, వివరణ, బొమ్మ, అప్‌లోడ్ కలిపి గంట, పంపడం, జవాబులివ్వడం అరగంట. మొత్తం 8 గంటలు, నెలకు 32.

దాన్నే 10 నిమిషాలకు కుదించి నెలకు రెండు చేస్తే తయారీ గంటన్నర, రికార్డింగ్ ముప్పావు గంట, ఎడిటింగ్ గంటన్నర. అప్‌లోడ్, పంపడం మాత్రం తగ్గవు, అవి అదే గంటన్నర. ఎపిసోడ్‌కు 5 గంటల పావు, నెలకు పదిన్నర. అంటే ఆపకుండానే మూడింట రెండు వంతుల సమయం చేతికొచ్చింది. పూర్తిగా ఆపితే దక్కేది ఆ మిగిలిన పదిన్నర గంటలే. హోస్టింగ్ (ఎపిసోడ్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే సేవ) డబ్బు ఎలాగూ కట్టాలి.

అందుకే ముందు తగ్గించి చూడండి, ఆపడం ఆ తర్వాతి మాట. దీనికి ఒక్కటే మినహాయింపు. రికార్డు చేసే మనిషి అలసిపోయి, మైకు చూస్తేనే విసుగొచ్చే స్థితిలో ఉంటే తగ్గించడం కుదరదు, పూర్తిగా ఆపాలి. విసుగు గొంతులో తెలుస్తుంది, శ్రోత దాన్ని మొదటి నిమిషంలోనే పట్టేస్తాడు.

నిల్వ పెట్టి నడపడం మూడో దారి. అన్‌సీజన్ రాకముందే నాలుగైదు రికార్డు చేసి, విడుదల తేదీలు పెట్టి వదిలేయడం. రోజుకు మూడు ఎపిసోడ్‌లకు మించవద్దు, నాలుగోదానికి గొంతు దిగిపోతుంది. చెరువు తయారీ, చీర దాచుకునే పద్ధతి, బిల్లు రాసే విధానం లాంటివి నిల్వ ఉంటాయి. ధర, వాతావరణం, జబ్బుల తీవ్రత, ప్రభుత్వ ఉత్తర్వులు ఉండవు, అవి వారానికే పులిసిపోతాయి. మన తీరంలో అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు, కరెంటు కోతలు. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే చేసిన రికార్డింగును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. కనుక ఆ నెలల సరుకు సెప్టెంబరులోనే చేసిపెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ ఫైలు 20 నిమిషాలకు సుమారు 173 ఎంబీ అవుతుంది. ఇద్దరు మాట్లాడే పది ఎపిసోడ్‌లకు మూడున్నర జీబీ చోటు చాలు. శ్రోతకు వెళ్లే ఎంపీ3 మాత్రం మోనోలో 64 కేబీపీఎస్ పెడితే 20 నిమిషాలకు 10 ఎంబీ లోపే ఉంటుంది, సిగ్నల్ సరిగాలేని చెరువు గట్టు మీద కూడా దిగుతుంది. శబ్దం స్థాయి మోనోకు మైనస్ 19, స్టీరియోకు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గర ఉంచండి. నిల్వ ఎపిసోడ్‌లన్నీ ఒకే స్థాయిలో ఉండాలి, లేకపోతే ఒకటి గుసగుస, ఒకటి కేకలా వినిపిస్తుంది.

ఆపాలనే తేలితే, ఎలా ఆపాలి

ముందు తిరిగొచ్చే తేదీ వేయండి, ఆ తర్వాతే ఆగే తేదీ. తేదీ వేసేటప్పుడు గిరాకీ మొదలయ్యే రోజు నుంచి మూడు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. జనం కొనే ముందే వింటారు కాబట్టి. 2026 ఆషాఢాన్నే చూస్తే శ్రావణం ఆగస్టు 13న మొదలు. చీరల దుకాణం పాడ్‌కాస్ట్ జూలై 23 నాటికి మళ్లీ వినిపించాలి, అంటే ఆషాఢం సగం కూడా గడవకముందే. ఆషాఢమంతా నిద్రపోయి శ్రావణంలో లేస్తే బేరం పక్క వీధికి పోయాక షట్టర్ తీసినట్టు. అధిక మాసం, ఆషాఢం రెండూ పడ్డ ఇలాంటి ఏడాదిలో రెండుసార్లు ఆపవద్దు. అధిక మాసంలో తగ్గించి నడపండి, ఆషాఢం అంచున ఒక్కసారే ఆపండి.

విరామం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంటే బాగుంటుంది. యూట్యూబ్‌లో ఆదాయం వస్తున్న ఛానెలైతే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆరు నెలలు లేదా అంతకు మించి వీడియో గానీ కమ్యూనిటీ పోస్టు గానీ లేకపోతే వాళ్లు ఆదాయాన్ని ఆపేయవచ్చు.

తరువాత రెండు నిమిషాల ప్రకటన రికార్డు చేయండి. అందులో నాలుగు మాటలు చాలు: ఎందుకు ఆపుతున్నారు, ఏ తేదీన వస్తారు, ఈలోగా వినాల్సిన పాత ఎపిసోడ్‌లు రెండు, ప్రశ్నలు పంపాల్సిన నంబరు. “త్వరలో కలుద్దాం” అనకండి, తేదీ చెప్పండి. క్షమాపణలతో ప్రకటనను నింపకండి. పాడ్‌కాస్ట్ వివరణలో మొదటి వాక్యంగా అదే తేదీ రాయండి, కొత్తగా వచ్చేవాళ్లు చూసేది అదే.

సెట్టింగులు ముట్టుకునేటప్పుడు జాగ్రత్త. ఎపిసోడ్‌లను యాప్‌లకు చేర్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో ‘కంప్లీట్’ అనే గుర్తు ఉంటుంది. అది పెడితే ఈ షోలో ఇక ఎపిసోడ్ రాదని యాపిల్‌కు చెప్పినట్టు. విరామానికి దాన్ని వాడకూడదు. ‘బ్లాక్’ గుర్తు పెడితే షో జాబితాలోంచే పోతుంది. హోస్టింగ్ ఖర్చు మిగుల్చుకుందామని ప్లాన్ రద్దు చేస్తే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఆగి, స్పాటిఫై, యాపిల్ రెండింట్లోనూ పాత ఎపిసోడ్‌లు ఆడవు. విదేశీ హోస్టింగ్ కంపెనీలకు కార్డు ఆటో డెబిట్ మన బ్యాంకుల్లో ఒక్కోసారి తిరస్కరణ అవుతుంది. పని చేస్తున్న నెలల్లో అయితే కనిపెడతారు, విరామంలో మెయిల్ చూసేవాళ్లుండరు. కాబట్టి విరామం ముగిశాక కనీసం ఒక నెల దాకా ముందే కట్టేయండి.

లాగిన్లు ఎవరి పేరున ఉన్నాయో ఈ సమయంలోనే చూసుకోవాలి. చాలా చోట్ల ఖాతా ఎడిటింగ్ చేసే కుర్రాడి జీమెయిల్ మీద ఉంటుంది, ఓటీపీ అతని ఫోన్‌కు వెళ్తుంది. పని లేని రెండు నెలల్లో అతను బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో చేరిపోతాడు. తప్పు అతనిది కాదు. హోస్టింగ్, స్పాటిఫై, యాపిల్, యూట్యూబ్ నాలుగింటికీ యజమాని పేరున మెయిల్, ఫోన్ నంబరు మార్చాకే చివరి ఎపిసోడ్ వదలండి. అసలు వేవ్ ఫైళ్లన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి.

మేత కంపెనీయో సీడ్ కంపెనీయో ప్రకటనకు డబ్బు కట్టి ఉంటే, విరామం సంగతి శ్రోతలకు వినిపించక ముందే వాళ్లకు ఫోన్ చేయండి. మిగిలిన ఎపిసోడ్‌లు ఏ తేదీల్లో వస్తాయో వాట్సాప్‌లో రాసి పంపండి.

విరామంలో మళ్లీ వేసే పాత ఎపిసోడ్‌లు

నెలకు ఒకటి మళ్లీ వేయవచ్చు, కానీ ఉన్నదున్నట్టు కాదు. ముందు ముప్పై సెకన్లు కొత్తగా మాట్లాడి, ఇది ఏ నెలలో చేసిందో చెప్పండి. ధర, తగ్గింపు, పాత ఫోన్ నంబరు, చివరి తేదీ ఉన్న చోటల్లా కత్తిరించండి. పాత కౌంట్ ధర విని ఎవరో రైతు బయ్యర్‌తో గొడవపడితే నష్టం మీ మాట విలువకే. పాత ఫైలు తేదీ మార్చినంత మాత్రాన శ్రోతకు కొత్తదిగా చేరదు, యాప్‌లు దాన్ని గుర్తుపడతాయి. కొత్త ఎపిసోడ్‌గానే ఎక్కించి, పేరులో ‘మళ్లీ’ అని రాయండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానికి 256 మంది. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. విరామంలో రెండు వారాలకోసారి పంపితే చాలు, అదీ శ్రోత అడిగిన ప్రశ్నకు నిమిషం లోపు గొంతు జవాబు. “గుడ్ మార్నింగ్” బొమ్మలు పంపితే మ్యూట్ చేస్తారు, తిరిగొచ్చిన రోజు మీ సందేశం వాళ్లు చూడరు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు

చెప్పిన తేదీకి పది రోజుల ముందు మూడు ఎపిసోడ్‌లు చేతిలో ఉండాలి. ఒక్కటే ఉంటే రెండో వారమే మళ్లీ ఖాళీ. మొదటిది విరామం కబుర్లతో కాకుండా, ఈ కాలంలో వచ్చిన ప్రశ్నల్లో గట్టిదానితో మొదలుపెట్టండి. ఒకేరోజు మూడూ వదలకండి.

మొదటివారం లెక్క పాత నడిమి సంఖ్య కన్నా తక్కువ రావడం మామూలే. అలవాటు తప్పినవాళ్లు మెల్లగా వస్తారు. మూడు ఎపిసోడ్‌ల దాకా ఏ నిర్ణయమూ వద్దు. ఆరు వారాలయ్యాక కూడా పాత నడిమి సంఖ్యలో నాలుగింట మూడొంతులకు చేరకపోతే విరామం మీకు పడలేదు, వచ్చే ఏడాది అదే కాలంలో తగ్గించి నడపండి. ఆ మాట మొదట గీసిన కాగితం వెనక రాసి దాచండి.

తేదీకి అందుకోలేకపోతే ఆ రోజునే, మరుసటి రోజు కాదు, ఒక నిమిషం ఆడియో వేసి కొత్త తేదీ చెప్పండి. ఈ అవకాశం ఒక్కసారే. రెండో తేదీ కూడా తప్పేలా ఉంటే షో ముగిసిందని శ్రోతకు సూటిగా చెప్పి చివరి ఎపిసోడ్ చేయండి. ‘కంప్లీట్’ గుర్తు పెట్టాల్సింది అప్పుడు. పాత ఎపిసోడ్‌లన్నీ యూట్యూబ్‌లో ఒక ప్లేలిస్టుగా ఎక్కించి, వివరణలో దుకాణం నంబరు పెట్టి, ఆ తర్వాతే హోస్టింగ్ ప్లాన్ ఆపండి.